అన్నము వండిన తరువాత

(ఒక గ్రామసభలో పౌరసంబంధశాఖాధికారి చేసిన ప్రసంగపాఠము)



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము మిగుల చిన్నది. ప్రతి యింట ప్రతిదినము జరుగునది. అన్నము వండుటను గూర్చి మీకు నేను చెప్పవలసినది ఏమియు లేదు. ఎసరు ఎంత పెట్టవలెనో, గంజి ఎప్పుడు వార్చవలెనో ఇచ్చట కూర్చున్న తల్లులకు నాకంటె బాగుగా తెలియును. నేను చెప్పదలచినది అన్నము వండిన తరువాతి సంగతి. పొయ్యి మీదినుండి దించిన క్షణము మొదలు విస్తరిలో వడ్డించువరకు నడుమ గడచు గంటలను గూర్చియే నా ప్రసంగమంతయు. ఆ గంటలను మనము సాధారణముగా లెక్కపెట్టము. లెక్కపెట్టకపోవుటచే నేనొకప్పుడు చేసిన పొరపాటును ముందుగా మీకు విన్నవింతును.

మా యింటి పెండ్లి

సుమారు 15 సంవత్సరముల క్రిందట గోదావరి డెల్టాలోని మా స్వగ్రామమున మా చెల్లెలి కుమార్తె వివాహము జరిగినది. అది వైశాఖ మాసము; రాత్రి ముహూర్తము. పెరటిలో గాడిపొయ్యి త్రవ్వించి, పెద్ద గుండిగలలో అన్నము వండించితిమి. సాయంత్రము 7 గంటలకు వంట ముగిసినది. అన్నము వార్చి, తాటాకు చాపలపై రాశిగా పోసి, పైన తెల్లని బట్టలు కప్పిరి. రెండు బంతులు లేచినవో లేదో, పెనుగాలియు వానయు వచ్చినవి. దీపములు ఆరిపోయినవి. పొరుగూళ్ళ బంధువులు పలువురు భోజనము చేయకయే వెడలిపోయిరి. అన్నము సగమునకు పైగా మిగిలిపోయినది.

మరునాడు ఉదయము 6 గంటలకు వంటమేస్త్రీ నాకడకు వచ్చి, "బాబుగారూ, ఈ అన్నం ఏం చెయ్యమంటారు?" అని అడిగెను. నేను పోయి రాశిలో చేయి పెట్టి చూచితిని. పైన చల్లగా నున్నది. మోచేతివరకు లోనికి దూర్చగా వెచ్చగా తగిలినది. వాసన చూచితిని; ఏ దోషమును కానరాలేదు. "లోపల ఇంకా వేడి పోలేదు, శుభ్రంగా ఉంది. పులుసు కాచి పేటకు పంపించండి" అంటిని. మేస్త్రీ ఒక్క క్షణము తటపటాయించి, "రాత్రి ఏడింటిదండీ" అనెను. "అన్నం పారెయ్యకూడదు" అని నేను సమాధానమిచ్చితిని. పట్టభద్రుడను, ప్రభుత్వశాఖలో ఉద్యోగిని. పరిశుభ్రతను గూర్చి ఊరూర ఉపన్యసించినవాడను. నా మాటకు అతడు ఎదురు చెప్పలేదు.

నాలుగు గంపల అన్నమును, ఒక గుండిగ పులుసును పేటకు పోయినవి. 8 గంటలకు అచ్చటివారు తినిరి. 10 గంటలు కాకమునుపే పిల్లలకు వాంతులు ఆరంభమైనవి. మధ్యాహ్నమునకు 30 మందికి పైగా మంచము పట్టిరి. నాలుగేండ్ల బాలిక యొకతె కనురెప్పలు ఎత్తలేని స్థితికి వచ్చినది. ఆటోలలో అందరిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు చేర్చితిమి. ఆ బాలికను అచ్చటినుండి పట్టణములోని పెద్దాసుపత్రికి తరలించిరి. సెలైను ఎక్కించగా రెండవనాటి సాయంకాలమునకు ఆమె తేరుకొన్నది. ప్రాణనష్టము కలుగలేదు. అది మా అదృష్టమే కాని మా తెలివి కాదు.

బల్లి కాదు, దిష్టి కాదు

ఇట్టి సంఘటన జరిగినపుడు ఊరిలో ఏమేమి అనుకొందురో మీరెరుగుదురు. పులుసులో బల్లి పడినదని కొందరనిరి. పెండ్లివారి యింటి భోజనమునకు దిష్టి తగిలినదని కొందరనిరి. నూనె కల్తీ అయినదని మరికొందరు. ప్రొద్దుగ్రుంకు వేళకు నింద అంతయు వంటమేస్త్రీ మీద వాలినది. అతనికి ఈయవలసిన కూలిని మావారు నిలిపివేసిరి. పెద్దలిద్దరు అనరాని మాటలనిరి. అతడు తల వంచుకొని తన గరిటెలు మూటగట్టుకొని వెడలిపోయెను. నేను అచ్చటనే యుండియు నోరు మెదపలేదు.

ఆ రాత్రి ఆరోగ్య కేంద్రపు వైద్యుడు మమ్ము మూడు ప్రశ్నలడిగెను. "ఏమి తిన్నారు? ఎప్పుడు వండారు? వండినప్పటినుంచి తినేదాకా అది ఎక్కడ ఉంది?" మొదటి రెండింటికి పదిమందియు సమాధానము చెప్పిరి. మూడవదానికి సమాధానము నాకు మాత్రమే తెలియును. "చాపమీద రాశిగా ఉందండి. పొద్దున్న నేనే చూశాను, లోపల ఇంకా వెచ్చగానే ఉంది" అని నేను సమర్థించుకొనబోతిని. ఆయన నావంక చూచి, "ఆ వెచ్చదనమేనండీ కారణం" అనెను.

అన్నము బాగున్నదనుటకు నేను సాక్ష్యముగా చూపిన ఆ గోరువెచ్చదనమే దానిని చెరచినది. ఆ సంగతి ఎట్లు జరుగునో మీకు వివరింతును. ఇంటిబల్లికి విషము లేదను సంగతిని కూడ ఇచ్చటనే చెప్పవలెను. దాని ఒంటిమీద సూక్ష్మజీవులుండవచ్చును గనుక అది పడిన వంటకమును తినరాదు, అంతమాత్రమే. ప్రతి వాంతికిని బల్లినే కారణముగా చెప్పుచుండుటచే అసలు కారణము మన కంటబడకున్నది.

మట్టిలోని జీవి

మన చేలలోని మట్టిలో బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి కలదు. 1887లో ఇంగ్లండునందు ఫ్రాంక్‌లాండ్ దంపతులు ఒక పశువుల కొట్టములోని గాలినుండి దీనిని వేరుచేసి పేరు పెట్టిరి. పెంచినపుడు మైనమువలె కనిపించును గనుక, మైనమువంటిదను అర్థము గల లాటిన్ మాటనే దీనికి పేరుగా నుంచిరి. మట్టిలో నుండునది వరి మొక్కకు, మొక్కనుండి ధాన్యమునకు, ధాన్యమునుండి బియ్యమునకు చేరుచున్నది. ఇది ఒకరి తప్పిదము కాదు. ఎంత మంచి బియ్యమునందైనను ఇది కొద్దిగా నుండవచ్చును. కడిగినంతమాత్రమున పూర్తిగా పోదు.

"ఉడికించితిమి గదా, ఇంక నేమి మిగులును?" అని మీరడుగవచ్చును. రైతు సోదరులకు తుంగను గూర్చి తెలియును. వేసవిలో చేను బీటలు వారును. పైన పచ్చని పోచయైనను కనిపించదు. తుంగ చచ్చినదని అనుకొందుము. తొలకరి జల్లు పడగానే మట్టిలోని గడ్డలనుండి అది తిరిగి మొలచును. ఈ సూక్ష్మజీవియు అట్టిదే. కష్టకాలము వచ్చినపుడు ఇది తన చుట్టు గట్టి కవచమును కట్టుకొని సిద్ధబీజముగా మారును. సిద్ధబీజమునకు ఆహారము అక్కరలేదు, నీరు అక్కరలేదు. నూరు డిగ్రీల సెంటిగ్రేడు వేడిమితో నీరు తెర్లుచుండగా పెక్కు సూక్ష్మజీవులు చచ్చును. ఇది మాత్రము బ్రతికి యుండగలదు. పైగా ఆ వేడిమియే దానిని నిద్రనుండి లేపును. ఉడికిన అన్నములో పోటీకి ఇతర జీవులు మిగులవు. కలుపు తీసి, దున్ని, నీరు పెట్టిన పొలమువలె అన్నము దానికొరకు సిద్ధముగా నుండును.

ఇక కావలసినది తగిన వేడిమి ఒక్కటే. 60 డిగ్రీలకు పైగా వేడి యున్నంతవరకు అది పెరుగదు. 5 డిగ్రీలకు లోపల చల్లగా నుంచినను సాధారణముగా పెరుగదు. ఈ రెంటికి నడుమ నున్నదే ప్రమాదమైన మేర. అందునను 30 మొదలు 40 డిగ్రీలవరకు దానికి మిక్కిలి అనుకూలము. మన కోస్తా ప్రాంతమున వైశాఖమాసపు రాత్రి ఎంత వేడిగా నుండునో మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

అట్టి వెచ్చదనములో అది సుమారు అరగంటకొక పర్యాయము రెట్టింపగునని లెక్కవేయుడు. ఒకటి రెండగును, రెండు నాలుగగును, నాలుగు ఎనిమిదగును. చూచుటకు స్వల్పమే. కాని 10 గంటలలో 20 పర్యాయములు రెట్టింపైనచో ఒక్కటియే 10 లక్షలు దాటును. రాత్రి 7 గంటలకు వార్చిన మా పెండ్లి అన్నము మరునాటి ఉదయము 8 గంటలవరకు, అనగా 13 గంటలకాలము, చాపమీద నున్నది. పలుచగా నున్న అన్నము త్వరగా చల్లారును. గుట్టగా పోసిన అన్నమునకు పై పొరయే దుప్పటి యగును; నడిమి భాగము రాత్రియంతయు గోరువెచ్చగా నుండును. నా చేతికి తగిలిన వెచ్చదనము ఇదియే.

తిరిగి కాచిన పోదు

ఈ సూక్ష్మజీవి రెండు విధములుగా హాని చేయును. ఒక విధమున, ఆహారములోనే పెరుగుచు అచ్చటనే ఒక విషమును విడుచును. దానిని తినిన అరగంట మొదలు 6 గంటలలోపల వాంతులగును. రెండవ విధమున, అధికసంఖ్యలో కడుపులోనికి పోయి ప్రేగులలో విషమును పుట్టించును. అట్లైనచో 6 గంటలు మొదలు 16 గంటలలోపల కడుపునొప్పియు విరేచనములును కలుగును. మా పేటలోనివారికి రెండు గంటలలోపలనే వాంతులైనవి. కనుక వైద్యుడు మొదటి విధమును అనుమానించెను.

తల్లులారా, ఈ మొదటి విధమగు విషమును గూర్చి మీరు ఒక్క మాట జ్ఞాపకముంచుకొనవలెను. అది వంటవేడికి నశించునది కాదు. అన్నమును తిరిగి కాచినచో సూక్ష్మజీవులు చావవచ్చును. అవి విడిచిన విషము మాత్రము పోదు. ఆవిరి పట్టినను, నూనెలో వేయించినను, మరుగుచున్న పులుసు పోసినను పోదు. కడుపులోని ఆమ్లమునకు కూడ లొంగదు. దానికి వాసన లేదు, రంగు లేదు. అన్నము జిగురుపట్టి తీగ సాగినపుడు పాచిపోయినదని మనము గుర్తింతుము. తీగ సాగకమునుపే విషము పుట్టియుండవచ్చును. కనుక ముక్కును నమ్ముకొనుటకంటె గడియారమును నమ్ముకొనుట మేలు.

ఈ సంగతులను మానవుడు కష్టపడి తెలిసికొన్నాడు. 1940ల చివరలో నార్వే దేశమున వెనిలా పాయసమువంటి చిక్కని ద్రవమును తిని సుమారు 600 మంది జబ్బుపడిరి. అది ముందునాడు కాచి, చల్లని చోట నుంచక విడిచిపెట్టినది. స్టైనార్ హౌగె అను శాస్త్రజ్ఞుడు అందలి సూక్ష్మజీవిని వేరుచేసి, అట్టి ద్రవములోనే పెంచి, తానే త్రాగి చూచెను. 13 గంటల తరువాత ఆయనకు తీవ్రమగు కడుపునొప్పియు విరేచనములును కలిగినవి. 1950లో ఆయన ఈ విషయమును ప్రకటించెను. తరువాత 1971లో బ్రిటనునందు వేపుడు అన్నము తినిన పలువురికి వాంతులైనవి. ఆ భోజనశాలలలో అన్నమును ముందుగా వండి, పొడిపొడిగా నుండుటకై శీతలపేటికలో పెట్టక, మరునాడు కొద్దిసేపు నూనెలో వేయించి వడ్డించెడివారు. మా రాశికిని దానికిని భేదమేమి? వాంతులు పుట్టించు ఆ విషము యొక్క నిర్మాణమును జపాను శాస్త్రజ్ఞులు 1995లో ప్రకటించిరి.

ఈ జబ్బు పెక్కుసారులు ఒక్క దినములో దానంతటదియే తగ్గిపోవును. అట్లని తేలికగా తీసికొనరాదు. 2003లో బెల్జియం దేశమున ఒక కుటుంబములోని ఐదుగురు పిల్లలు మూడు దినములనాడు చేసిన గోధుమపిండి సేమ్యావంటి వంటకమును తిని జబ్బుపడిరి. వారిలో ఏడేండ్ల బాలిక మరణించినది. ఆ వంటకము రిఫ్రిజిరేటరులోనే యుండినది. అయితే ఆ పేటికలోని చల్లదనము 5 డిగ్రీలు కాదు, 14 డిగ్రీలు. పెట్టె యున్నంతమాత్రమున చాలదు. అది చల్లగా నుండవలెను.

చద్దన్నము మాట

ఇంతవరకు విన్న పెద్దలు, "మా తాతలు చద్దన్నము తినియే అరకలు దున్నిరి. వారికేమైనది?" అని ప్రశ్నింపవచ్చును. న్యాయమైన ప్రశ్న. చద్దన్నమును మానుడని చెప్పుటకు నేను రాలేదు. మన అవ్వలు దానిని ఎట్లు చేసెడివారో జ్ఞాపకము చేయుటకు వచ్చితిని.

వారు రాత్రి అన్నమును మూతవేసిన గిన్నెలో ఉట్టినే విడిచిపెట్టెడివారు కారు. చల్లార్చి, కుండలో వేసి, నీరు పోసి, కొంచెము మజ్జిగయో పులిసిన తరవాణియో కలిపెడివారు. మజ్జిగలోని మేలుచేయు సూక్ష్మజీవులు పెరిగి అన్నమును పులియబెట్టును. పులుపు తగినంత ఎక్కినచోట మనము చెప్పుకొన్న బాసిల్లస్ పెరుగజాలదు. మట్టికుండ గోడలనుండి నీరు ఆవిరియగుచుండుటచే లోపల చల్లగా నుండును. ప్రొద్దు పొడవగానే తినివేసెడివారు. ఈ నాలుగు జాగ్రత్తలును కలసినపుడే అది చద్దన్నము.

నేడు పలు యిండ్లలో జరుగుచున్నది వేరు. సాయంత్రము 7 గంటలకు కుక్కరులో వండి, స్విచ్చి తీసివేసి, మూతతో అట్లే వదలుచున్నారు. నిద్రించుటకు పోవునపుడు 11 గంటలకు జ్ఞాపకము వచ్చి నీరు పోయుచున్నారు. ఆ నాలుగు గంటలును అన్నము గోరువెచ్చగా నుండినది. పిదప పులుపు ఎక్కినను, అంతకుముందే పుట్టిన విషము పులుపునకు పోదు. కావున చద్దన్నము చేయదలచినవారు అన్నము మిగిలిన వెంటనే చల్లార్చి, కాచి చల్లార్చిన నీటిని, తాజా పెరుగును కలిపి, ఉదయమే తినవలెను. పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు, జబ్బుపడి లేచినవారికి అప్పుడు వండిన వేడి అన్నమే పెట్టుట మంచిది.

పులిహోర సంగతియు ఇంతే. చింతపండు పులుపు దానిని కొంత కాపాడును. అందుచేతనే మన పెద్దలు ప్రయాణములకు పులిహోర కట్టుకొని పోయెడివారు. అయితే అన్నమును అయిదారు గంటలు రాశిగా వదలిపెట్టి, అటుపిమ్మట పులుపు కలుపుట కాపాడుట కాదు. అన్నమును పలుచగా ఆరబోసి, చల్లారిన వెంటనే పులుపు కలుపవలెను.

ఇంటిలో పాటింపవలసినవి

ఇందుకు ఖర్చుతో కూడిన పనులు అక్కరలేదు. ఈ కొద్ది నియమములు చాలును.

1. ఆ పూటకు తగినంతయే వండుడు. మిగులని అన్నముతో చిక్కు లేదు.

2. వండిన అన్నమును వేడివేడిగా తినుడు. లేదా 60 డిగ్రీలకు తగ్గకుండ, అనగా పొగలు వచ్చునంత వేడిగా నుంచుడు. రెండు గంటలకు మించి గోరువెచ్చగా నుండనీయరాదు.

3. దాచవలసివచ్చినచో వెడల్పయిన పళ్ళెములలో రెండంగుళములకు మించకుండ పలుచగా పరచి, ఈగలు వ్రాలకుండ పలుచని శుభ్రమైన బట్ట కప్పి, గాలి తగులు నీడలో చల్లార్చుడు. రిఫ్రిజిరేటరు ఉన్నవారు ఆవిరి తగ్గగానే లోపల పెట్టుడు. లోతైన గిన్నెతో పెట్టినచో నడిమి భాగము చల్లారుటకు చాలసేపు పట్టును. కరెంటు చాలసేపు పోయినచో ఆ పెట్టెను నమ్మరాదు.

4. అట్లు దాచిన అన్నమును మరునాడే ముగింపుడు. బాగుగా ఆవిరులు వచ్చునట్లు ఒక్కసారి మాత్రమే కాచి తినుడు. రాత్రియంతయు బయట నున్న అన్నమును కాచి ప్రయోజనము లేదు.

5. చేతులను సబ్బుతో కడుగుకొని వడ్డింపుడు. చేతికి పుండుగాని సెగగడ్డగాని యున్నవారు వంటకు, వడ్డనకు దూరముగా నుండవలెను. అట్టి పుండ్లనుండి స్టెఫిలోకాకస్ అను మరియొక సూక్ష్మజీవి ఆహారమున చేరి, ఇట్లే వేడికి చావని విషమును పుట్టించును.

పొలము పనులకు పోవువారికి ఒక మాట. తెల్లవారుజామున వండి, క్యారేజీలో కట్టుకొనిపోయి, మధ్యాహ్నము ఒంటిగంటకు గట్టుమీద తినువారు పెక్కుమంది కలరు. వేడి నిలుపు డబ్బా ఉన్నవారు అన్నమును పొగలు వచ్చుచుండగానే అందులో పెట్టుడు. సగము చల్లారిన అన్నమును అందులో పెట్టినచో ఆ డబ్బాయే సూక్ష్మజీవులకు పొదుగుడు పెట్టె యగును. అట్టి డబ్బా లేనివారు అన్నము చల్లార్చి తాజా పెరుగుగాని చింతపండు పులుపుగాని కలిపి, క్యారేజీని ఎండలో కాక చెట్టునీడన ఉంచి, వీలయినంత పెందలకడ తినుట మేలు.

పెండ్లిండ్లు, సంతర్పణలు

పెద్ద వంటలయందు ప్రమాదము పెద్దది. ఒక్క రాశినుండి వందలమంది తిందురు. కనుక అన్నమునంతయు ఒకేసారి వండింపక, బంతి బంతికి విడతలుగా వండింపుడు. వంటవారిపై భారము కొంత పెరుగును. తదనుగుణముగా కూలి యిండు. రాశి పోయవలసివచ్చినచో గుట్టగా కాక పలుచగా పరపింపుడు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము ననుసరించి భోజనములు సరఫరా చేయువారు నమోదు పత్రముగాని లైసెన్సుగాని పొందియుండవలెను. అది యున్నదా యని అడుగుటకు మొగమాటపడనక్కరలేదు. సంతలో వేపుడు అన్నము తిను యువకులు కూడ, అన్నము ఎప్పుడు వండినదని అడుగుట నేర్చుకొనవలెను.

1995లో దేశవ్యాప్తముగా ఆరంభమై, 2021నుండి పి.ఎం. పోషణ్ అను పేరుతో నడచుచున్న బడి భోజనమును ముందుగా ఒక ఉపాధ్యాయుడు రుచిచూడవలెనను నియమము కలదు. మంచి నియమమే. కాని మనము చెప్పుకొన్న విషము రుచికి దొరకదు. కనుక రుచిచూచు ఉపాధ్యాయులు వంట దింపిన వేళను కూడ విచారింపవలెనని నా మనవి.

అన్నము మిగులునని తోచిన వెంటనే, అది ఇంకను వేడిగా నున్నపుడే, ఆ రాత్రియే పదిమందికి పంచివేయుడు. నేడు ప్రతి చేతిలోను ఫోను కలదు. ఒక్క కబురు చాలును. రాత్రి గడచిపోయిన అన్నమును పంచరాదు. పశువులకు గంపలకొలది పెట్టుటయు తగదు. ఎక్కువ అన్నము తినిన పశువు కడుపులో ఆమ్లము పెరిగి ప్రాణముమీదికి వచ్చును. అట్టి అన్నమును ఎరువు గోతిలో వేయుటయే మార్గము. అన్నము పారవేయుట మనసునకు కష్టమే. ఆ కష్టమును తప్పించుకొనుటకు తక్కువ వండుట నేర్చుకొనవలెనేగాని, చెడిన దానిని మరియొకరి విస్తరిలో వేయరాదు.

జబ్బుపడినచో

వాంతులు, విరేచనములు పట్టినపుడు శరీరమునుండి నీరు, ఉప్పు పోవును. మొట్టమొదట వానిని తిరిగి ఈయవలెను. ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై వ్రాసిన కొలత ప్రకారము శుభ్రమైన నీటిలో కలిపి, కొంచెము కొంచెముగా త్రాగింపుడు. పొట్లము లేనిచో ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుడు. చెంచాలు తలగొట్టి కొలవవలెను. త్రాగినది వాంతియైనను పది నిమిషములాగి మరల చెంచాతో పట్టుడు. తెలిసీ తెలియనివారిచేత సూదులు వేయింపకుడు.

కన్నులు లోతుకు పోయినను, మూత్రము రాకున్నను, మగతగా పడియున్నను, నెత్తురు పడినను, కన్నులు పచ్చబడినను ఆలసింపక 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్పుడు. పసిపిల్లల విషయమున ఈ లక్షణములకై వేచియుండక ముందే వైద్యునికి చూపుడు. తినగా మిగిలిన ఆహారమును కొంత మూతపెట్టి వేరుగ నుంచి, ఆశా కార్యకర్తకు, ఆరోగ్య కేంద్రమునకు తెలియజేయుడు. పరీక్షకు అది కావలసియుండును. ఎవరినో నిందించుటకుముందు ఆ వైద్యుడు మమ్మడిగిన మూడు ప్రశ్నలను మీలో మీరు వేసికొనుడు.

చివరి మాట

వారము దినముల తరువాత నేను ఆ వంటమేస్త్రీ యింటికి పోయి, అతని కూలి చేతిలో పెట్టి, పదిమంది యెదుట తప్పు నాదని ఒప్పుకొంటిని. అతడు ఏమియు అనలేదు. "ఏడింటిదని చెప్పాను గదండీ" అని మాత్రము అనెను.

అచ్చటినుండి పేటకు పోయి ఆ నాలుగేండ్ల బాలికను చూచితిని. అరుగుమీద ఆడుకొనుచున్నది. దాని నాయనమ్మ నాకు పీట వేసి కూర్చుండబెట్టి, "మిగిలింది పంపారనుకోలేదు బాబుగారూ. పెళ్ళిలో మమ్మల్ని కూడా తలుచుకున్నారనుకున్నాం" అనెను. ఆ మాటకు నావద్ద సమాధానము లేకపోయినది. అదే అన్నమును ఆ ఉదయము మా పిల్లలకు పెట్టుదునా యని నన్ను నేను ప్రశ్నించుకొంటిని. మా పిల్లలు ఆనాడు వేడి ఉప్మా తినిరి.

మరుసటి సంవత్సరము మా యింట మరియొక శుభకార్యము జరిగినది. వంట చేసినవాడు ఆ మేస్త్రీయే. అన్నము విడతలుగా వండెను. మొదటి బంతిలో పేటవారు కూర్చుండిరి. అన్నము పొగలు గ్రక్కుచుండగా వారికి వడ్డించితిమి.